ఇరవై ఎనిమిది వేల పాఠం

మనం చదివే ప్రతి సబ్జెక్టుకీ ఒక సిలబస్ ఉంటుంది, అయిదు యూనిట్లు ఉంటాయి, సీనియర్లు వదిలివెళ్లిన పాత ప్రశ్నపత్రాలు ఉంటాయి. హాస్టల్ వదిలేసి బయట రూమ్ తీసుకున్నవాళ్లు రాసే పరీక్ష ఒకటుంది, దానికి మాత్రం ఇవేవీ ఉండవు. ఆ పరీక్షలో నేనూ, నా ముగ్గురు రూమ్మేట్లూ పోయినేడు ఫెయిలయ్యాం. తర్వాత ఎలాగో సప్లీ రాసి గట్టెక్కాం. ఆ సప్లీ కోసం చదివిందే ఈ వ్యాసం. జూన్‌లో కొత్త రూమ్‌ల వేటలో పడే జూనియర్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు కథ

హైదరాబాద్ శివారులో, కాలేజీకి రెండు కిలోమీటర్ల దూరంలో ఒక అపార్ట్‌మెంటు. మూడో అంతస్తులో డబుల్ బెడ్రూమ్ ఫ్లాట్. నెలకు 14,000 కిరాయి, రెండు నెలల అడ్వాన్స్ 28,000. నలుగురం పంచుకుంటే తలకు 3,500 కిరాయి, 7,000 అడ్వాన్స్. వంద రూపాయల స్టాంపు పేపరుతో మొదలయ్యే నాలుగు పేజీల అగ్రిమెంటు, పదకొండు నెలలకు. ఓనర్ అంకుల్ పెన్ను ఇచ్చాడు. వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకాలు పెట్టాం. "ఇవన్నీ ఎవడు చదువుతాడ్రా" అన్నాడు మాలో ఒకడు. మిగతా ముగ్గురం నవ్వాం. నేనూ నవ్వాను.

తొమ్మిది నెలలు బాగానే గడిచాయి. సెమిస్టర్ అయిపోవస్తుంటే ఇద్దరికి వేరే ఊళ్లో ఇంటర్న్‌షిప్ వచ్చింది. మే 20న అంకుల్‌కి ఫోన్ చేసి, "31న ఖాళీ చేస్తాం అంకుల్" అని చెప్పాం. మే కిరాయి కట్టేశాం. 31 సాయంత్రం తాళంచెవులు ఇచ్చి అడ్వాన్స్ కోసం నిలబడితే, ఆయన ఒక కాగితం ముక్క చేతిలో పెట్టాడు. నెల ముందు చెప్పనందుకు 14,000. పెయింటింగ్‌కు 8,000. గీజర్‌కు 3,000. మొత్తం 25,000 కోత. మాకు తిరిగొచ్చేది 3,000. తలకు 750.

మాలో ఒకడి 7,000 వాళ్ల నాన్న చిట్టీ పాడి పంపినవి. వాడు మాట్లాడకుండా గోడకేసి చూస్తున్నాడు. నాకు కోపం వచ్చింది. ఫోన్లో అప్పుడే వెతికిన ముక్క పట్టుకుని, "రెంట్ కంట్రోల్ యాక్ట్ ప్రకారం మీరు ఒక నెల కిరాయి కంటే ఎక్కువ అడ్వాన్స్ తీసుకోనేకూడదు అంకుల్" అన్నాను.

ఆయన రిటైరైన హెడ్మాస్టరు. తొణకలేదు. "అట్లనా బాబూ? ఆ చట్టం నా ఇంటికి వర్తిస్తదా? చూసుకొని రా, మాట్లాడుకుందాం" అన్నాడు.

చూసుకుని రావడానికి మాకు వారం పట్టింది. మా ఖమ్మం వాడి పెద్దమ్మ కూతురు సిటీలో లాయరు. ఆదివారం పూట ఇంటికి రమ్మంది. మేం చెప్పిందంతా విని అక్క అడిగిన మొదటి ప్రశ్న చట్టం గురించి కాదు. "మీ అగ్రిమెంటేదీ?"

మా దగ్గర లేదు. ఒరిజినల్ ఓనర్ దగ్గరే ఉంది. మా గ్రూపులో ఎప్పుడో పెట్టిన ఫోటోలున్నాయి గానీ మూడో పేజీ మసకగా ఉంది. అక్క కాసేపు మా మొహాలు చూసి, టీ పెట్టడానికి లేచింది. ఆ తర్వాత రెండు గంటల్లో ఆవిడ చెప్పిందీ, ఆ మాటలు పట్టుకుని నేను లైబ్రరీలో చూసుకున్నదీ కలిపి ఇక్కడ పెడుతున్నాను.

అందరూ చెప్పే చట్టం

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పట్టణాల్లో ఇళ్లకు కొరత ఏర్పడింది. కిరాయిలు విపరీతంగా పెరగకుండా, ఉన్నవాళ్లను అర్ధాంతరంగా వెళ్లగొట్టకుండా అద్దె నియంత్రణ అనేది అప్పుడు మన దేశంలో ఊపందుకుంది. ఆంధ్ర ప్రాంతంలో 1949 నాటి మద్రాసు చట్టం, తెలంగాణలో 1954 నాటి హైదరాబాద్ చట్టం నడిచేవి. 1956లో రెండు ప్రాంతాలూ ఒకే రాష్ట్రమయ్యాక, ఆ రెండిటి స్థానంలో 1960లో ఒకే చట్టం తెచ్చారు. భవనాల లీజు, అద్దె, ఖాళీ చేయింపుల నియంత్రణ చట్టం. జనం నోట్లో అదే రెంట్ కంట్రోల్ యాక్ట్. 2014 తర్వాత తెలంగాణలో అది తెలంగాణ పేరుతోనే కొనసాగుతోంది. ఆంధ్రప్రదేశ్ 2017లో దాని బదులు వేరే చట్టం చేసుకుంది. అందుకని విజయవాడలోనో గుంటూరులోనో రూమ్ తీసుకునేవాళ్లు ఈ 1960 చట్టం సంగతులు తమకు అన్వయించుకోకూడదు.

చదువుతుంటే ఈ చట్టం కిరాయిదారుకు కవచంలాగే కనిపిస్తుంది. కట్టిన కిరాయికి రసీదు అడిగే హక్కు ఉంది. ఓనర్ కావాలని కిరాయి తీసుకోకుండా తప్పించుకుంటే 8వ సెక్షన్‌లో దారి చూపించారు. ఏ బ్యాంకులో వేయాలో పది రోజుల్లో చెప్పమని రాతపూర్వకంగా అడగాలి. చెప్పకపోతే మనియార్డరు పంపాలి. దాన్నీ వద్దంటే రెంట్ కంట్రోలర్ దగ్గర జమ చేయాలి. ఖాళీ చేయించాలంటే 10వ సెక్షన్‌లో ఉన్న కారణాల్లో ఒకటి చూపించాలి. కావాలని కిరాయి ఎగ్గొట్టడం, రాతపూర్వక అనుమతి లేకుండా ఇంకొకరికి కిరాయికివ్వడం, ఇంటిని పాడు చేయడం, ఇరుగుపొరుగుకు ఇబ్బందిగా తయారవడం, ఓనర్‌కే నిజంగా ఇల్లు అవసరం పడటం లాంటివి ఆ జాబితాలో ఉన్నాయి. సరైన కారణం లేకుండా నీళ్లూ కరెంటూ ఆపడానికి వీల్లేదు. అడ్వాన్స్ ఒక నెల కిరాయికి మించకూడదు. ఆ రోజు నేను అంకుల్‌కి చెప్పింది తప్పేం కాదు. చట్టంలో ఉన్నదే.

మరి ఆయన ఎందుకు తొణకలేదు? ఎందుకంటే ఆయన 32వ సెక్షన్ దాకా చదివాడు. నేను చదవలేదు.

32వ సెక్షన్ చెప్పేది ఏయే భవనాలకు ఈ చట్టం వర్తించదో. ప్రభుత్వ భవనాలు ఎలాగూ బయటే. ఒకప్పుడు 1957 ఆగస్టు 26 తర్వాత కట్టినవన్నీ కూడా బయటే ఉండేవి. పాత ఇళ్లవాళ్లకో న్యాయం, కొత్త ఇళ్లవాళ్లకో న్యాయం ఎన్నాళ్లని సుప్రీంకోర్టు 1983లో ఆ మినహాయింపును కొట్టేసింది. తర్వాత మినహాయింపులు వేరే రూపంలో వచ్చాయి. 2005 సవరణతో స్థిరపడినవి ముఖ్యంగా రెండు. కట్టడం పూర్తయి 15 ఏళ్లు నిండని భవనానికి చట్టం వర్తించదు. నెల కిరాయి మున్సిపల్ కార్పొరేషన్ పరిధిలో 3,500, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటినా వర్తించదు.

ఇది వినగానే మా ఖమ్మం వాడు ఎగిరి గంతేశాడు. "అక్కా, మేం తలకు 3,500 కదా! దాటలేదు!"

అక్క నవ్వింది. చట్టం చూసేది తలను కాదు, ఇంటిని. ఇంట్లో ఒక భాగాన్ని విడిగా కిరాయికి ఇచ్చి, దానికి వేరే కిరాయి ఉంటే ఆ భాగాన్నే భవనంగా లెక్కేస్తారు. మా నలుగురిదీ ఒకే అగ్రిమెంటు, ఒకే కిరాయి, 14,000. పైగా ఆ అపార్ట్‌మెంటు వయసు ఆరేళ్లు. రెండు రకాలుగానూ మేం బయటే.

ఒకసారి మన కాలేజీ చుట్టుపక్కల కిరాయిలు గుర్తు చేసుకోండి. 3,500 లోపు కిరాయికి, పదిహేనేళ్లు దాటిన పాత ఇంట్లో సింగిల్ రూమ్ ఎవరికైనా ఉంటే వాళ్లకు ఈ చట్టం పనికొస్తుంది. హైదరాబాద్‌లో అలాంటి కేసులు చూసే రెంట్ కంట్రోలర్లు సిటీ స్మాల్ కాజెస్ కోర్టులో ఉంటారు. మిగతా మనందరం ఆ గొడుగు కింద లేం.

వాట్సాప్‌లో తిరిగే ఇంకో మాట కూడా ఇక్కడే తేల్చేద్దాం. "కొత్త చట్టం వచ్చింది, రెండు నెలలకు మించి అడ్వాన్స్ అడగకూడదు" అని. అది 2021 జూన్‌లో కేంద్ర క్యాబినెట్ ఆమోదించిన నమూనా అద్దె చట్టం. నివాసానికైతే రెండు నెలలు, వ్యాపారానికైతే ఆరు నెలలు అనే పరిమితి అందులో నిజంగానే ఉంది. కానీ పేరులోనే ఉంది కదా, నమూనా అని. ఒక రాష్ట్రం దాన్ని తన చట్టంగా చేసుకుంటే తప్ప అక్కడి ఓనర్‌ని అది కట్టడి చేయదు.

మన ఫ్లాట్‌కు వర్తించే చట్టం

గొడుగు లేనంత మాత్రాన వానలో నిలబడ్డట్టు కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఉంది. అందులో 105 నుంచి 117 వరకూ సెక్షన్లు లీజుల గురించే. వీటిలో చాలావరకు "వేరే ఒప్పందం ఏదీ లేకపోతే" అన్న షరతుతో నడుస్తాయి. ఆ ఒక్క ముక్క అర్థమైతే సగం పాఠం అయిపోయినట్టే. ప్రోగ్రామింగ్‌లో డిఫాల్ట్ ఆర్గ్యుమెంట్ తెలుసుగా? మనం విలువ ఇస్తే అదే తీసుకుంటుంది, ఇవ్వకపోతే ముందే రాసిపెట్టిన విలువ తీసుకుంటుంది. ఇక్కడ మనం ఇచ్చే విలువ అగ్రిమెంటు. డిఫాల్ట్ విలువ చట్టం. అంటే మేం నవ్వుకుంటూ సంతకం పెట్టిన ఆ నాలుగు పేజీలే మాకు అసలు చట్టం.

ఉదాహరణకు నోటీసు. అగ్రిమెంటులో ఏమీ లేకపోతే 106వ సెక్షన్ ప్రకారం ఇంటి కిరాయిని నెలనెలా సాగే లీజుగా లెక్కేస్తారు. ఓనర్ అయినా మనమైనా 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసిచ్చి ముగించవచ్చు. ఫోన్‌లో చెప్పడం దీనికి సరిపోదు. మా అగ్రిమెంటులో ఇరువైపులా ఒక నెల అని ఉంది. కాబట్టి మాకు 15 రోజులు కాదు, నెల. మే 20న చెప్పాం కాబట్టి జూన్ 20 దాకా మా బాధ్యతే. అంకుల్ ఆ మాట అన్నప్పుడు ఆయనేదో మోసం చేస్తున్నాడనుకున్నాం. ఆయన చదివింది మేం సంతకం పెట్టిన కాగితమే.

పదకొండు నెలల రహస్యం కూడా చాలామందికి తెలీదు. ఏడాది మించిన లీజును రిజిస్టర్ చేయించాలని చట్టం. చేయించకపోతే అందులోని షరతులకు ఆ కాగితాన్ని కోర్టులో సాక్ష్యంగా చూపించలేం. ఆ ఖర్చూ తిరుగుడూ తప్పించుకోవడానికే పదకొండు నెలలు. నోటరీ వేసే ముద్ర రిజిస్ట్రేషన్ కాదని కూడా గుర్తుపెట్టుకోండి. పదకొండు నెలలు అయిపోయాక కొత్త కాగితం రాసుకోకుండా మనం ఉంటూ, ఓనర్ కిరాయి తీసుకుంటూ ఉంటే 116వ సెక్షన్ ప్రకారం అది నెలనెలా సాగే లీజవుతుంది. అగ్రిమెంటు గడువు అయిపోయింది కాబట్టి రేపే సామాన్లు బయట పడేస్తానంటే కుదరదు.

ఓనర్ బాధ్యతలు

ఇంట్లో పైకి కనిపించని పెద్ద లోపం ఏదైనా ఓనర్‌కి తెలిసి ఉంటే ముందే చెప్పాలి. కిరాయి కడుతూ షరతులు పాటిస్తున్నంత కాలం మనల్ని ప్రశాంతంగా ఉండనివ్వాలి. ఇవి 108వ సెక్షన్‌లోవి. రిపేర్ల విషయంలో మాత్రం మెలిక ఉంది. అన్ని రిపేర్లూ ఓనరే చేయించాలని ఆ సెక్షన్ చెప్పదు. ఓనర్ చేయించాల్సిన రిపేరు మనం చెప్పాక కూడా తగిన సమయంలో చేయించకపోతే, మనమే చేయించి ఆ ఖర్చును వడ్డీతో సహా కిరాయిలోంచి మినహాయించుకోవచ్చంటుంది. ఏది ఎవరు చేయించాలో తేల్చేది మళ్లీ అగ్రిమెంటే. మోటారు, పైపులైను, లీకేజీ ఓనర్‌వి, బల్బులు, కుళాయి వాషర్లు మనవి అని ఒక్క లైను రాయించుకుంటే ఏడాదంతా గొడవుండదు.

మనం లేనప్పుడు తాళం మార్చేస్తే? అగ్రిమెంటు అయిపోయినా, కిరాయి బాకీ ఉన్నా ఓనర్ వెళ్లాల్సింది కోర్టుకే తప్ప తాళాల షాపుకు కాదు. చట్టప్రకారం కాకుండా ఖాళీ చేయిస్తే, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్ 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేసి తిరిగి స్వాధీనం అడగవచ్చు. ఇల్లు ఎవరి పేరున ఉందన్న ప్రశ్న ఆ దావాలో అడ్డం రాదు. ఎదుటివాడు ఓనరే అయినా సరే.

మన బాధ్యతలు

ఇక్కడి నుంచి మాకు కాస్త సిగ్గుగా ఉంటుంది.

సమయానికి కిరాయి కట్టాలి. ఇల్లు మనదైతే ఎంత జాగ్రత్తగా వాడతామో అంత జాగ్రత్తగా వాడాలి. తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే అప్పగించాలి, మామూలు వాడకంలో వచ్చే అరుగుదల తప్ప. తగిన వేళల్లో ఓనర్ వచ్చి చూసుకుంటానంటే రానివ్వాలి. వేళకాని వేళ వస్తే వద్దనొచ్చు, అసలు రావద్దనలేం. మా ఇంట్లో ఏం జరిగింది? ప్రొజెక్టర్ తెర కోసం హాల్ గోడకు ఎనిమిది మేకులు కొట్టాం. డబుల్ సైడ్ టేపుతో అంటించిన పోస్టర్లు పీకితే సున్నంతో సహా ఊడొచ్చాయి. నీళ్లు లేకుండా గీజర్ ఆన్ చేసి ఎలిమెంటు కాల్చింది మేమే. మూడు నెలలపాటు మా క్లాస్మేట్ ఒకడు అయిదోవాడిగా మాతోనే ఉన్నాడు. అంకుల్‌కి చెప్పలేదు. వాచ్‌మన్ చెప్పేశాడని తర్వాత తెలిసింది. ఆయన ఆ విషయం ఎత్తనేలేదు.

ఇంకో సంగతి. నలుగురూ సంతకం పెట్టిన అగ్రిమెంటులో "నా వాటా నేను కట్టేశా" అన్న మాట ఓనర్ దగ్గర చెల్లదు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 43వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, కలిసి మాటిచ్చినవాళ్లలో ఎవరినైనా మొత్తం కట్టమని అడగవచ్చు. కట్టినవాడు మిగతావాళ్ల దగ్గర వాళ్ల వాటాలు వసూలు చేసుకోవాలి. సంతకం ఒక్కడే పెడితే ఓనర్ దృష్టిలో భారమంతా ఆ ఒక్కడిదే. రూమ్మేట్ మధ్యలో వెళ్లిపోయిన ప్రతి రూములో స్నేహాలు చెడేది ఇక్కడే. అందుకే ఓనర్‌తో అగ్రిమెంటు రాసిన రోజే మీలో మీరు కూడా ఒక కాగితం రాసుకోండి. మధ్యలో వెళ్లేవాడు తన బదులు మనిషిని చూపించాలి, లేదా ఇన్ని నెలల వాటా కట్టి వెళ్లాలి అని. ఫస్టియర్ వాళ్లకు ఇంకో మాట. పద్దెనిమిదేళ్లు నిండనివాడు చేసుకున్న ఒప్పందం చెల్లదు. 1903లో ప్రివీ కౌన్సిల్ తీర్పు నుంచీ ఇదే న్యాయం. మీ పేరున కాకుండా అమ్మానాన్నల్లో ఒకరి పేరున రాయించుకోండి.

అడ్వాన్స్ లెక్క

అడ్వాన్స్ ఓనర్ సొమ్ము కాదు. ఆయన దగ్గర మనం ఉంచిన మన సొమ్ము. దాంట్లోంచి ఏం కోయవచ్చన్నది అగ్రిమెంటు మీద ఆధారపడుతుంది. అయితే అగ్రిమెంటులో ఏం రాసినా అదే చివరిమాట కాదు. "ముందే ఖాళీ చేస్తే అడ్వాన్స్ మొత్తం జప్తు" అన్న షరతు చాలా అగ్రిమెంట్లలో ఉంటుంది. కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో రాసిన మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. దానికి లోబడి సమంజసమైన పరిహారమే దక్కుతుంది.

మా విషయంలో దీన్నిలా పెట్టి చూడండి. నోటీసు జూన్ 20 దాకా నడవాలి. కానీ ఆ ఫ్లాట్‌లో జూన్ 15నే కొత్తవాళ్లు దిగారు. అంటే ఇల్లు ఖాళీగా ఉన్నది పద్నాలుగు రోజులు. పూర్తి నెల కిరాయి కోయడం సమంజసం కాదు. ఏమీ కోయకూడదని మేం అనడమూ సమంజసం కాదు.

"చివరి రెండు నెలలు అడ్వాన్స్‌లో పట్టుకోమంటే పోలా" అని సీనియర్లు చెప్తారు. జాగ్రత్త. గూడూరులో మోడరన్ హోటల్ కేసు ఒకటుంది. కిరాయి బాకీ పడిందంటూ ఖాళీ చేయించబోతే, పరిమితికి మించిన అడ్వాన్స్ ఓనర్ చేతిలోనే ఉండగా బాకీ ఎక్కడిదని సుప్రీంకోర్టు 1989లో కిరాయిదారు పక్షాన తీర్పు చెప్పింది. కానీ అది రెంట్ కంట్రోల్ చట్టం కింద నడిచిన కేసు. ఆ గొడుగు లేని మనం, ఓనర్ ఒప్పుకున్నట్టు ఒక మెసేజైనా లేకుండా కిరాయి ఆపేస్తే, షరతు తప్పింది మనమే అవుతాం.

ఓనర్ ఎంతకీ ఇవ్వకపోతే? ముందు లెక్కలతో ఒక ఉత్తరం పోస్టులో పంపాలి. అప్పటికీ కదలకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, ఫోన్ నంబరు 15100. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీకి అక్కడ దరఖాస్తు చేసుకోవచ్చు. కోర్టు ఫీజు ఉండదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. చివరి దారి సివిల్ కోర్టులో దావా. దానికి మూడేళ్ల గడువుంటుంది.

ప్రైవేటు హాస్టళ్లు, పీజీల్లో ఉండేవాళ్ల లెక్క వేరు. మంచం, భోజనం కలిపి నెలకింత అని కట్టే చోట మీరు సాధారణంగా లీజుదారు కాదు, అనుమతితో ఉంటున్న మనిషి మాత్రమే. పైన చెప్పిన లీజు సెక్షన్లు అక్కడ పెద్దగా పనిచేయవు. కానీ డబ్బు తీసుకుని ఇచ్చే భోజన వసతి 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సేవ కిందికి వస్తుంది. డిపాజిట్ ఎగ్గొట్టినా, చెప్పిన సౌకర్యం ఇవ్వకపోయినా 1915కి ఫోన్ చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు.

సప్లీ ఫలితం

అక్క మాకు చివరగా చెప్పిన పని ఒకటే. "అరవకండి. లెక్క రాసుకొని వెళ్లండి. మీ తప్పులు మొదటి లైన్లో రాయండి."

అలాగే రాశాం. నోటీసు తక్కువిచ్చింది మేమే, అందుకు అర నెల కిరాయి 7,000. గీజర్ ఎలిమెంటు మా వల్లే పోయింది, మెకానిక్‌ని అడిగితే కూలితో సహా 1,500 అన్నాడు. మేకుల గుంతలు, ఊడిన సున్నం, ఆ ఒక్క గోడకు 2,000. మొత్తం 10,500. మిగతా పెయింటింగ్ మాత్రం మా ఖాతాలో వేయొద్దన్నాం. పడమటి గది గోడ మీద పెద్ద చెమ్మ మరక మేం వచ్చేసరికే ఉంది. రుజువెలా? మా ఖమ్మం వాడు చేరిన రోజు సాయంత్రం "అమ్మా, ఇదే నా రూమ్" అని వాళ్లమ్మకి వాట్సాప్‌లో ఫోటోలు పంపాడు. ఒకదాంట్లో వాడి వెనకాల ఆ మరక స్పష్టంగా ఉంది. పైన తేదీ ఉంది. చట్టాలన్నీ ఒక ఎత్తు, ఆ ఫోటో ఒక ఎత్తు.

అంకుల్ కళ్లజోడు పెట్టుకుని మా కాగితం రెండుసార్లు చదివాడు. ఫోటో చూశాడు. "ఇది మొదలే తీసుకొస్తే అయిపోవు కదరా" అన్నాడు. లోపలికి వెళ్లి చెక్కుబుక్కు తెచ్చాడు. ఆ ఫ్లాట్ మీద లోను ఉందనీ, నెలనెలా మా కిరాయే వాయిదాకు పోయేదనీ అప్పుడు చెప్పాడు. 17,500 చేతికొచ్చాయి. తలకు 4,375. చిట్టీ డబ్బులవాడికి మా ముగ్గురం మిగతా 2,625 వేసి మొత్తం 7,000 ఇచ్చాం. ఆ మేకుల్లో ఒక్కటీ వాడు కొట్టలేదు మరి.

కొత్త రూమ్ తీసుకునే ముందు

కిందివి ప్రింట్ తీసి జేబులో పెట్టుకోండి.

1. అగ్రిమెంటు ముందురోజే అడిగి తెచ్చుకుని నలుగురూ చదవండి. నోటీసు గడువు, అడ్వాన్స్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, పెయింటింగ్ ఎవరిది, రిపేర్లు ఎవరివి, మెయింటెనెన్స్ కిరాయిలో ఉందా విడిగానా, పదకొండు నెలల తర్వాత ఎంత పెంచుతారు. ఈ ఆరూ రాతలో ఉండాలి.

2. సంతకాలైన కాగితం కాపీ ఒకటి మీ దగ్గర ఉండాలి. ఫోటో అయితే ప్రతి పేజీ చదవగలిగేలా ఉండాలి. మూడో పేజీతో సహా.

3. సామాన్లు దించకముందే ప్రతి గోడ, కుళాయి, స్విచ్చు, కరెంటు మీటరు రీడింగు కనిపించేలా వీడియో తీసి అదే రోజు ఓనర్‌కి పంపండి. ఖాళీ చేసే రోజు మళ్లీ తీయండి.

4. అడ్వాన్స్, కిరాయి బ్యాంకు ద్వారానో ఫోన్ ద్వారానో కట్టండి. ఏ నెల కిరాయో అందులో రాయండి. నగదు ఇస్తే రసీదు తీసుకోండి.

5. రిపేరైనా, ఖాళీ చేయడమైనా ఫోన్లో చెప్పాక అదే మాట రాసి పంపండి. ఖాళీ చేసే నోటీసు మాత్రం సంతకం పెట్టిన కాగితంగానే ఇచ్చి, అందినట్టు రాయించుకోండి.

6. గోడకు మేకు కొట్టే ముందు అడగండి.

మేం ఈ ఏడు కొత్త ఫ్లాట్‌లో దిగాం. అగ్రిమెంటు తెచ్చిన బ్రోకరు, "సైన్ చేయండి సార్, అంతా స్టాండర్డే" అన్నాడు. ముగ్గురం కింద కూర్చుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాం. నాలుగోవాడు కెమెరా ఆన్ చేసి గోడల వైపు నడిచాడు.